చచ్చాకే ధర పలుకుతున్న గాడిద

ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు. గాడిదకు అలాంటి సామెత కట్టాల్సిన అవసరం మన పెద్దలకు రాలేదు. బతికున్నంత కాలం బరువు మోస్తుంది, చచ్చాక ఊరి బయటికి లాగి పడేస్తారు. దానికి ధరేంటి అని అడిగినవాళ్లు లేరు. గత పది పదిహేనేళ్లలో ఈ లెక్క తలకిందులైంది. ఇప్పుడు ప్రపంచంలో చాలా చోట్ల బతికున్న గాడిద కంటే దాని తోలుకే గిరాకీ. ఏటా దాదాపు 59 లక్షల గాడిదలను చర్మం కోసమే చంపుతున్నారని బ్రిటన్‌లోని డాంకీ శాంక్చువరీ అనే సంస్థ 2024లో అంచనా వేసింది. ప్రపంచం మొత్తమ్మీద ఉన్న గాడిదలు ఐదు కోట్ల పైచిలుకు. అంటే ప్రతి తొమ్మిదింటిలో ఒకటి, అది కూడా ఏటేటా.

జంతుహింస అనగానే వీధికుక్క, గుడి ఏనుగు, సర్కస్ పులి గుర్తొస్తాయి. వాటి కోసం గొంతెత్తేవాళ్లు ఉన్నారు, ఉండాలి కూడా. గాడిద కోసం మాట్లాడేవాళ్లు తక్కువ. మన భాషలో ఆ పేరే ఒక తిట్టు. ఎవరూ పట్టించుకోని జంతువు మీద డబ్బు కన్ను పడితే ఏమవుతుందో, దాన్ని ఆపడానికి చట్టాలు ఎంతవరకు పనికొస్తాయో తెలుసుకోవాలంటే గాడిద కథ కంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఈ గిరాకీకి మూలం చైనాలో ఉంది. అక్కడి సంప్రదాయ వైద్యంలో ఎజియావో అనే మందు ఉంది. షాన్‌డాంగ్ ప్రావిన్స్ దీనికి పేరుమోసిన చోటు. గాడిద తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, గంటల తరబడి ఉడికిస్తారు. తోలులోని జిగురు నీళ్లలోకి దిగుతుంది. ఆ నీటిని ఇంకా మరిగించి చిక్కగా చేసి, ఆరబెట్టి, నల్లటి బిళ్లలుగా కోస్తారు. రక్తం పడుతుందని, ఆడవాళ్ల నీరసం తగ్గుతుందని, ముఖానికి కళ వస్తుందని నమ్మకం. ఒకప్పుడు ఇది రాజుల ఇళ్లకు, సంపన్నులకు పరిమితం. చైనాలో మధ్యతరగతి చేతిలో డబ్బు ఆడటం మొదలయ్యాక మిఠాయిల్లో, పానీయాల్లో, ముఖానికి రాసే క్రీముల్లోకి కూడా వచ్చేసింది. నిజానికి ఆ బిళ్లలో ఉండేది ప్రధానంగా జెలటిన్. పశువుల తోలు, ఎముకలు, చేప చర్మం ఉడికించినా వచ్చేది అదే జాతి పదార్థం.

గిరాకీ పెరిగితే పెంపకం పెంచుకోవచ్చు కదా అనిపిస్తుంది. కోళ్లు, పందుల విషయంలో జరిగింది అదే. గాడిద దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. గాడిద సుమారు ఏడాది పాటు చూలుతో ఉంటుంది, ఒక్కోసారి పద్నాలుగు నెలలు. ఈనేది ఒక్క పిల్లనే. ఆ పిల్ల ఎదిగి చూడి కట్టాలంటే మళ్లీ రెండు మూడేళ్లు. అదే పంది నాలుగు నెలలు కూడా నిండకుండానే పది పిల్లలను పెడుతుంది. పైగా ఇరుకు కొట్టాల్లో, గోలలో, దూర ప్రయాణాల్లో గాడిదకు చూలు పోయే ప్రమాదం ఎక్కువ. కాబట్టి చైనాలో 1990ల మొదట్లో కోటికి పైగా ఉన్న గాడిదలు ఇప్పుడు ఇరవై లక్షల లోపుకు పడిపోయాయి. అక్కడా ట్రాక్టర్లు, వలసలు ఒక కారణమే. కానీ సొంత గాడిదలు తరిగిపోయినా తోలు అవసరం తరగలేదు. 2018 జనవరి నుంచి చైనా గాడిద తోళ్ల మీద దిగుమతి సుంకాన్ని 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గించింది. అప్పటికే వ్యాపారుల చూపు ఆఫ్రికా వైపు తిరిగి ఉంది.

ఈ వ్యాపారంలో క్రూరత్వం ఎక్కడుందో కొంచెం దగ్గరగా చూడాలి. మాంసం కోసం పెంచే జంతువు విషయంలో అమ్మేవాడికి కనీసం ఒక స్వార్థం ఉంటుంది. బక్కచిక్కితే బరువు తగ్గుతుంది, జబ్బు పడితే కొనరు. అందుకే ఇన్ని నీళ్లు, ఇంత మేత పెడతాడు. తోలు వ్యాపారంలో ఆ మాత్రం స్వార్థం కూడా లేదు. చూడిదైనా, కుంటిదైనా, దారిలో చచ్చిందైనా తోలు తోలే. రోజుల తరబడి నీళ్లు లేకుండా నడిపించినా, లారీలో ఒకదాని మీద ఒకటి కుక్కినా వ్యాపారికి వచ్చే నష్టం లేదు. మేత పెడితేనే ఖర్చు. హింసించాలన్న కోరిక ఎవరికీ లేకపోవచ్చు, కానీ లెక్క అలా ఉన్నప్పుడు హింస దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

పైగా గాడిద తన బాధను చూపించదు. గుర్రం బెదిరితే పరుగు తీస్తుంది. గాడిద బెదిరితే నిలబడిపోతుంది. దాన్ని మనం మొండితనం అంటాం. నొప్పిగా ఉన్న గాడిద తల కొంచెం వాల్చి, చెవులు జారేసి, కదలకుండా ఉంటుంది. మేత ముందు నిలబడి తింటున్నట్టే కనిపిస్తుంది గానీ నోట్లోకి ఏమీ పోదు. అలా రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో దాచుకున్న కొవ్వు కరిగి రక్తంలోకి ముంచెత్తుతుంది. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. జోడీగా తిరిగిన తోటి గాడిద దూరమైతే కూడా కొన్ని ఇలాగే మేత మానేస్తాయని పశువైద్యులు చెబుతారు. సంతలో కొని, జోడీ విడదీసి, లారీలో ఎక్కించి పంపేవాడికి ఇవేమీ కనపడవు. చూడ్డానికి అది మెదలకుండా నిలబడ్డ గాడిద, అంతే.

ప్రపంచంలోని గాడిదల్లో దాదాపు మూడింట రెండొంతులు ఆఫ్రికాలో ఉన్నాయి. మనిషి గాడిదను మచ్చిక చేసుకున్నది కూడా అక్కడే, సుమారు ఏడు వేల ఏళ్ల కిందట, తూర్పు ఆఫ్రికాలో. 2015లో నైజర్ దేశం నుంచి 27 వేల గాడిదలు ఎగుమతి అయితే, 2016లో ఏడాది పూర్తికాకముందే ఆ సంఖ్య 80 వేలకు చేరింది. ప్రభుత్వం కంగారుపడి ఎగుమతి నిషేధించింది. పక్కనే ఉన్న బుర్కినా ఫాసో కూడా అదే ఏడాది తలుపులు మూసింది.

కెన్యా ఇందుకు పూర్తిగా వ్యతిరేక దారి పట్టింది. 2016 నుంచి లైసెన్సులిచ్చి నాలుగు గాడిద కబేళాలు తెరిచింది. ఉద్యోగాలొస్తాయి, విదేశీ మారకం వస్తుంది అన్నారు. ఆ దేశపు వ్యవసాయ, పశు పరిశోధన సంస్థ 2019లో లెక్క తీస్తే, 2016 ఏప్రిల్ నుంచి 2018 డిసెంబరు లోపు మూడు లక్షలకు పైగా గాడిదలను కోశారని తేలింది. దేశంలో ఉన్న గాడిదల్లో అది 15 శాతం. పుట్టేవాటి కంటే కోసేవి ఎన్నో రెట్లు ఎక్కువ. ఇలాగే సాగితే 2023 నాటికి కెన్యాలో గాడిద మిగలదని ఆ సంస్థే హెచ్చరించింది.

కబేళాకు సరుకు సరిపోకపోతే దొంగతనాలు మొదలవుతాయి. రాత్రి కట్టేసిన గాడిద తెల్లారేసరికి ఉండదు. వెతుక్కుంటూ పోతే పొదల్లో తోలు ఒలిచిన కళేబరం. కెన్యా పల్లెల్లో ఇది ఎన్నోసార్లు జరిగింది. గాడిద పోయిన ఇంట్లో ఏం జరుగుతుందో మనకు ఊహించడం కష్టం కాదు. నీళ్లకు కిలోమీటర్లు నడిచే చోట అది నడిచే ట్యాంకరు. అది పోతే క్యాన్లు ఆడవాళ్ల వీపు మీదికి వస్తాయి. ఆ పనికి ఆసరాగా పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు బడి మానేస్తారు. తోలు కొనేవాళ్లు రేటు పెంచేసి ఉంటారు కాబట్టి మళ్లీ ఇంకో గాడిదను కొనడం ఆ ఇంటివల్ల కాదు. జంతువు మీద హింస, పేద ఆడమనిషి మీద భారం వేర్వేరు విషయాలని అనుకునేవాళ్లు ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించాలి.

ఒత్తిడి పెరిగాక 2020 ఫిబ్రవరిలో కెన్యా ప్రభుత్వం గాడిదల వధను నిషేధించింది. 2021లో అక్కడి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఇథియోపియాలో 2017లో తెరిచిన కబేళాను జనం గొడవ చేసి కొద్ది వారాల్లోనే మూయించారు. టాంజానియా మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. ఒక దేశం తలుపేస్తే గాడిదలు సరిహద్దు దాటి పక్క దేశపు కబేళాకు నడిచేవి. మందలు దేశాలు దాటడంతో జబ్బులూ దాటాయి.

చివరికి దేశానికొక నిషేధం సరిపోదని తెలిసొచ్చింది. 2022 డిసెంబరులో ఆఫ్రికా దేశాల ప్రతినిధులు టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో కూర్చుని గాడిదల మీదే సదస్సు పెట్టుకున్నారు. 2024 ఫిబ్రవరిలో అడిస్ అబాబాలో జరిగిన ఆఫ్రికన్ యూనియన్ శిఖరాగ్ర సమావేశం, తోలు కోసం గాడిదలను చంపడాన్ని ఖండం మొత్తమ్మీద నిషేధించింది. ఒక జంతువు కోసం యాభైకి పైగా దేశాలు ఒక్క మాట మీదికి రావడం చిన్న విషయం కాదు. అయితే ఆ తీర్మానాన్ని ఏ దేశానికి ఆ దేశం చట్టంగా మార్చుకోవాలి. పోర్టులో కంటైనర్ తెరిచి చూసే అధికారి కావాలి. ఉప్పు పట్టించి కట్టలు కట్టిన తోళ్ల మధ్య ఏనుగు దంతాలు, అలుగు (పాంగోలిన్) అనే అడవి జంతువు పొలుసులు దాచి తరలించడం తెలిసిన దందానే, కాబట్టి ఈ పని ఒక్క పశుసంవర్ధక శాఖతో అయ్యేది కాదు.

బ్రెజిల్‌లో కథ ఇంకో తీరు. అక్కడి ఈశాన్య ప్రాంతంలో తరతరాలుగా గాడిద లేని పల్లె లేదు. మోటార్‌సైకిళ్లు వచ్చాక వాటిని రోడ్ల మీద వదిలేశారు. అనాథ గాడిదలు వ్యాపారులకు అందివచ్చిన సరుకయ్యాయి. మూడు దశాబ్దాల్లో ఆ దేశంలో గాడిదలు తొంభై శాతానికి పైగా తగ్గిపోయాయి.

మన దేశం పరిస్థితి బ్రెజిల్‌కు దగ్గరగా ఉంది. 2012 పశుగణనలో దేశంలో 3.2 లక్షల గాడిదలు ఉంటే, 2019 నాటికి 1.2 లక్షలకు పడిపోయాయి. ఏడేళ్లలో 61 శాతం తగ్గుదల. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా తగ్గి ఐదు వేల దగ్గరికి వచ్చాయి. ఈ తగ్గుదలనంతా హింస ఖాతాలో వేయడం న్యాయం కాదు. రేవుకు మూటలు మోసే పని పోయింది. ఇసుక, మట్టి, ఇటుకలు ట్రాక్టర్లకు ఎక్కాయి. మేపడానికి బంజర్లు మిగల్లేదు. గాడిదలను నమ్ముకుని బతికిన రజకులు, వడ్డెరలు, కుమ్మరుల పిల్లలు వేరే పనులు వెతుక్కున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ పని పోయిన గాడిద ఎక్కడికి పోయింది అన్నదే అసలు ప్రశ్న. పనిచేసే గుర్రాలు, గాడిదల కోసం పాటుపడే బ్రూక్ ఇండియా సంస్థ 2022లో బయటపెట్టిన అధ్యయనం దీనికి కొంత జవాబు చెప్పింది. దొంగతనాలు, చాటుమాటు వధ, సరిహద్దులు దాటే తోళ్ల వ్యాపారం మన దేశంలోనూ ఉన్నాయని తేల్చింది.

ఆంధ్రలో దీనికి ఇంకో పాయ కూడా ఉంది. ప్రకాశం, గుంటూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో కొన్ని చోట్ల గాడిద మాంసం అమ్ముతారు. తింటే ఆయాసం తగ్గుతుందని, నడుం గట్టిపడుతుందని, మగతనం పెరుగుతుందని చెప్పుకుంటారు. ఈ మాటలకు వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. షాన్‌డాంగ్‌లో నల్ల బిళ్ల కొనేవాళ్లకూ, ఇక్కడ మాంసం కొనేవాళ్లకూ మధ్య ఇన్ని వేల మైళ్ల దూరం ఉన్నా ఆలోచన ఒక్కటే. ఇంత బరువు మోసే జంతువు ఒంట్లో ఏదో మహత్తు ఉండే ఉంటుంది, దాన్ని మింగితే ఆ బలం మనకొస్తుంది అని. స్థానికంగా గాడిదలు అయిపోయాక రాజస్థాన్, మహారాష్ట్ర లాంటి చోట్ల నుంచి లారీల్లో తెప్పించడం మొదలుపెట్టారు. వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం. పైన చెప్పినట్టు జోడీ విడిపోతే మేత మానేసే, బాధ బయటికి చూపించని జంతువుకు ఆ లారీలో ఏం జరుగుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. మన ఆహార భద్రతా నియమాల్లో మాంసం కోసం కోయదగిన జంతువుల జాబితా ఉంది, అందులో గాడిద లేదు. కాబట్టి గాడిద మాంసం అమ్మడం నేరం. 2022 అక్టోబరులో బాపట్ల ప్రాంతంలో పోలీసులు దాడులు చేసి నాలుగు వందల కిలోలకు పైగా మాంసం పట్టుకున్నారు. దాడులు జరిగినప్పుడల్లా వ్యాపారం కొన్నాళ్లు చాటుకు పోతుంది. ఒకప్పుడు రోడ్డు పక్కన కొట్టినది ఫోన్ చేసిన ఇంటికి పొట్లంగా వస్తుంది. తినేవాళ్లను వెక్కిరించడం, దీన్ని ఏదో ఒక కులానికో ఊరికో అంటగట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. బిడ్డ ఆయాసంతో ఎగపీలుస్తుంటే ఎవరేం చెప్పినా చేసి చూద్దామనిపిస్తుంది. ఊళ్లోని ఆశా వర్కరో, పీహెచ్‌సీ డాక్టరో ఇన్‌హేలర్ చేతికిచ్చి వాడటం నేర్పిన ఇంట్లో ఆ మాంసంతో పని తగ్గుతుంది.

చంపడం ఒకెత్తు, రోజూ పెట్టే బాధ ఒకెత్తు. దీని గురించి మన దగ్గర మంచి నియమాలున్నాయి, చాలామందికి తెలియవు. బరువులు మోసే జంతువుల మీద క్రూరత్వం నివారించడానికి 1965లో కేంద్రం నియమాలు చేసింది. గాడిద వీపు మీద 50 కిలోలకు మించి వేయకూడదు. రోజుకు తొమ్మిది గంటలు దాటి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి లేకుండా వరసగా ఐదు గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు పనిలో పెట్టకూడదు. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాలలోనో, రామగుండంలోనో 37 డిగ్రీలంటే చల్లటి రోజు కింద లెక్క. అక్షరాలా పాటిస్తే ఎండాకాలమంతా మిట్టమధ్యాహ్నం గాడిద నీడలోనే ఉండాలి.

ఇటుక బట్టీ దగ్గర గాడిదను ఒకసారి దగ్గరగా చూడండి. తోక కింద, పొట్ట కింద నైలాన్ తాడు ఒరుసుకున్న చోట వెంట్రుక లేచిపోయి ఎర్రటి పుండు ఉంటుంది. దాని మీద ఈగలు. వీపు మీద గోనె జారిన చోట ఎముకకు ఇటుక తగిలి కాయ కాసి ఉంటుంది. ఉత్తరాదిన కొన్ని చోట్ల గాలి బాగా ఆడుతుందన్న నమ్మకంతో ముక్కుపుటాలను కోసేస్తారు. గాలి ఆడటం సంగతి దేవుడెరుగు, బట్టీ దుమ్ము నేరుగా లోపలికి పోతుంది. సాయంత్రం వదిలేసేటప్పుడు పారిపోకుండా ముందు కాళ్లు రెండూ కలిపి కడతారు. ముందరి కాళ్ల బంధం అని మనం రోజూ వాడే మాట వెనక, కుప్పిగంతులేసుకుంటూ చెత్తకుప్ప దాకా వెళ్లి ప్లాస్టిక్ నమిలే ఒక జంతువు ఉంది.

ఇంత చేసినా శిక్ష ఎంత? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద మొదటిసారి తప్పు చేస్తే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. మూడేళ్ల లోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు. అరవై ఏళ్ల కిందట యాభై రూపాయలు ఒక బరువే కావచ్చు. ఇప్పుడు టీ, సమోసా ఖర్చు. శిక్షలు పెంచుతూ 2022లో కేంద్రం ముసాయిదా సవరణ బిల్లు బయటపెట్టి జనాభిప్రాయం కోరింది, అది చట్టం దాకా రాలేదు. పది రూపాయల జరిమానా కోసం ఏ ఎస్సై కేసు రాసి కోర్టు చుట్టూ తిరుగుతాడు? పోలీసులను తప్పుపట్టే ముందు వాళ్ల చేతికి మనం ఏ కర్ర ఇచ్చామో చూసుకోవాలి.

జంతువుల కోసం ఆధునిక చట్టాల చరిత్ర మొదలైంది కూడా గాడిద పేరుతోనే అంటే చాలామందికి వింతగా ఉంటుంది. 1822లో బ్రిటిష్ పార్లమెంటు పశువుల మీద క్రూరత్వాన్ని నేరంగా చేస్తూ చట్టం తెచ్చింది. గుర్రం, ఆవు, గొర్రెలతో పాటు గాడిద పేరు అందులో ఉంది, కుక్క పేరు లేదు. ఆ బిల్లు తెచ్చిన రిచర్డ్ మార్టిన్, తన గాడిదను చావబాదిన ఒక తోపుడుబండి వ్యాపారిని కోర్టుకీడ్చి, ఆ గాడిదను కూడా కోర్టులోకి నడిపించి గాయాలు చూపించాడని చెబుతారు. ఆ దృశ్యాన్ని చిత్రకారులు బొమ్మ గీశారు. నోరులేని జీవానికి దాని ఒళ్లే సాక్ష్యం అన్న ఆలోచన అక్కడ ఉంది. మన దగ్గర కేసుల్లో ఇప్పటికీ కొరవడేది అదే. గాయం ఫొటో, పశువైద్యుడి సర్టిఫికెట్, వీపు మీది బరువు తూచిన కాగితం.

జైలు, జరిమానాలతోనే పని అయిపోదు. గాడిద యజమాని చాలాసార్లు గాడిదంత బీదవాడు. బట్టీ యజమాని ట్రిప్పుకు ఇంత అని లెక్కగడితే అతను యాభై కిలోల దగ్గర ఆగలేడు. కాబట్టి బరువు నియమం గాడిద వెంట నడిచేవాడి మీద కంటే బట్టీ లైసెన్సు మీద రుద్దితే ఫలితం ఉంటుంది. నైలాన్ తాడు బదులు నూలు పట్టీ, వీపు మీద మందపాటి మెత్త వేస్తే పుండ్లు చాలా మటుకు రావు, ఖర్చు వందల్లోనే. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ పనిచేసే గుర్రాలు, గాడిదల సంక్షేమం మీద 2016లోనే ప్రమాణాలు ఖరారు చేసింది. మన పశువైద్య శిబిరాల్లో ఆవులు, గేదెలు, మేకలకు మందులుంటాయి, గాడిదను తోలుకొచ్చినవాడు మాత్రం వరస చివర నిలబడతాడు. తోలు సంగతికొస్తే, జంతువుతో పని లేకుండా ప్రయోగశాలలో కొల్లాజెన్‌ను, అంటే తోలులో ఉండి ఉడికిస్తే జెలటిన్‌గా మారే పదార్థాన్ని, తయారుచేసే పద్ధతుల మీద పరిశోధన నడుస్తోంది. అది చౌకగా దొరికే రోజు వస్తే, ఎజియావో కర్మాగారాలకు గాడిద అవసరమే ఉండదు.

అప్పటిదాకా చేయగలిగినవి చిన్న పనులే. మే నెలలో బట్టీ దగ్గర పన్నెండు గంటలకు గోనె దించి, ముందు కాళ్ల తాడు విప్పి, తుమ్మ నీడకు తోలి, సిమెంటు తొట్టిలో నీళ్లు నింపి ఉంచడం. గాడిద నీళ్ల విషయంలో పట్టింపు గలది, మురికి తొట్టిలో మూతి పెట్టదు. తొట్టి కడిగి నింపాలి.